మీరొచ్చారు, వాళ్లు వెళ్లిపోయారు

మీ అబ్బాయి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టడం మానేశాడా? నిరుడు ఈ రోజులకి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పెట్టేవాడు. సినిమా పాట, స్నేహితుడి పుట్టినరోజు ఫొటో, మధ్యమధ్య ఎవరినో ఉద్దేశించి ఓ డైలాగు. ఇప్పుడేమీ లేవు. పోనీలే, చదువు మీద ధ్యాస పడింది అని మీరు సంతోషిస్తున్నారు కూడా.

వాడు స్టేటస్ పెడితే ఎవరెవరు చూస్తారో ఒకసారి లెక్కేయండి. మీరు చూస్తారు. మేనమామ, పిన్ని, ట్యూషన్ మాస్టారు, ఊళ్లో పురుగుమందుల కొట్టాయన, ఎదురింటి తాతయ్య అందరూ చూస్తారు. పదహారేళ్ల కుర్రాడు ఇంతమంది పెద్దల మధ్య నిలబడి మనసులో మాట చెప్పుకుంటాడా? వాడు చెప్పడం మానలేదు, చోటు మార్చాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘క్లోజ్ ఫ్రెండ్స్’ అని పదిమందిని పెట్టుకుని వాళ్లకే స్టోరీలు పెడుతున్నాడు. ఆ పదిమందిలో మీరు లేరు.

దీనికి బాధపడాలా, భయపడాలా? రెండూ అక్కర్లేదు. కానీ సంగతి అర్థం చేసుకోవాలి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పత్తీ మిర్చీ పండించే ఇళ్లలో ఈ వయసు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్న అధ్యాయం ఇది. పొద్దున్నే పొలం వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మీకు పిల్లల ఫోనుకి కాపలా కాసే తీరిక లేదు. కాబట్టి కాపలా కాయకుండా ఏం చేయొచ్చో చూద్దాం.

ముందుగా ఒక్క మాట. ఇది మీ ఇంట్లోనే జరుగుతున్నది కాదు. 2004లో వచ్చిన ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైటు 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అప్పటికే కుర్రకారంతా ఫేస్‌బుక్‌లో ఉంది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా చవకయ్యాక నాన్నలూ బాబాయిలూ ఫేస్‌బుక్‌లోకి వచ్చారు. ఇవాళ నరసరావుపేటలోనో అద్దంకిలోనో పదో తరగతి పిల్లాడిని ఫేస్‌బుక్ చూస్తావా అని అడగండి, “అది పెద్దోళ్లది కదండీ” అంటాడు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ చేసిన సర్వేల్లోనూ ఇదే తేలింది. అక్కడ 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ఫేస్‌బుక్ వాడేవాళ్లు 2014-15లో 71 శాతం ఉంటే, 2022కి 32 శాతం మిగిలారు. మన దగ్గర టిక్‌టాక్ ఊళ్లకు ఊళ్లను ఊపేసింది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది, పిల్లలు అటు మళ్లారు.

యాప్‌లు ఇలా మారుతూనే ఉంటాయి. వాటిలో పిల్లలు వెతుక్కునేవి మాత్రం మూడే: దగ్గరి స్నేహితుడితో గుట్టుగా మాట్లాడుకోవడం, తోటివాళ్ల కంట్లో పడడం, పెద్దవాళ్ల కళ్ల నుంచి కాసేపు తప్పుకోవడం. మీరు కూడా ఆ వయసులో చెరువు గట్టు మీదో, సినిమా హాలు దగ్గరో ఇవే వెతుక్కున్నారు కదా? ఈ మూడింటినీ మనసులో పెట్టుకుని కింది పనులు మొదలుపెట్టండి.

1. యాప్ పేర్లు బట్టీ పట్టకండి, మూడు ప్రశ్నలు నేర్చుకోండి

మీరు ఒక యాప్ గురించి తెలుసుకునేలోపు పిల్లలు ఇంకో దాంట్లోకి వెళ్లిపోతారు. ఏ యాప్ వచ్చినా పనికొచ్చే ప్రశ్నలివి. నువ్వు పెట్టింది ఎవరికి కనపడుతుంది? పెట్టింది ఉంటుందా, చెరిగిపోతుందా? ముక్కూ మొహం తెలియనివాళ్లు నీకు మెసేజ్ పెట్టగలరా?

రెండో ప్రశ్నకి జవాబు వింటే మీకు చాలా తెలుస్తుంది. స్నాప్‌చాట్‌లో పంపిన ఫొటో చూశాక పోతుంది కాబట్టి పిల్లలు అందులో ధైర్యంగా మాట్లాడతారు. వాట్సాప్‌లోనూ ఒక్కసారి చూస్తే పోయే ఫొటోలు, కొన్నాళ్లకు వాటంతటవే చెరిగిపోయే మెసేజ్‌లు వచ్చాయి. అయితే అవతలివాడు పక్కన ఇంకో ఫోను పెట్టి ఆ ఫొటోని ఫొటో తీస్తే ఏ యాప్ ఆపగలదు? ఈ ఒక్క సంగతి మీ పిల్లల నోట చెప్పించండి. మీరు చెబితే ఉపన్యాసం అవుతుంది, వాళ్లంతట వాళ్లు చెబితే గుర్తుంటుంది.

2. అడిగే వేళ చూసుకోండి

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతలు. పరీక్షలూ ఆ రోజుల్లోనే. తల్లి ఒళ్లంతా ఘాటుతో, చేతుల మంటతో పొద్దుగూకి ఇల్లు చేరుతుంది. గడపలో కాలు పెట్టగానే పిల్ల చేతిలో ఫోను కనపడుతుంది. నోట్లోంచి వచ్చే మొదటి మాట, “పొద్దస్తమానం అదేనా?” ఆ అలసటలో ఆ మాట రావడం సహజమే. కానీ ఆ పిల్ల సాయంత్రం దాకా చదివి, అప్పుడే ఫోను తీసిందేమో మీకు తెలియదు. ఆ రాత్రికి ఇక మాటల్లేవు.

కల్లంలో కాయలు ఆరబోశాక తాలు ఏరే పని ఉంటుంది కదా? మాట్లాడడానికి అంతకంటే మంచి వేళ లేదు. చేతులకు పని, చూపులు కాయల మీద. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లల్లోకి చూస్తూ అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. పక్కపక్కన కూర్చుంటే ఒక్కో మాటే బయటికొస్తుంది. ఇలా ఉండొచ్చు:

“అమ్మాయ్, మీ క్లాసు వాళ్లందరూ వాట్సాప్‌లోనే ఉంటారా?”

“లేదు నాన్నా, ఇన్‌స్టాలో గ్రూపుంది.”

“వాట్సాప్‌లో గ్రూపుంది కదా, మళ్లీ అదెందుకు?”

“దాంట్లో సార్లుంటారు. ఇది మాకే.”

“ఓహో. మరి దాంట్లో ఎవరైనా తిక్క వేషాలేస్తే ఎవరు చెబుతారు?”

“ఎవరూ చెప్పరు. తీసేస్తాం అంతే.”

ఇక్కడ ఆగండి. ‘చూపించు’ అనకండి. ఆ పూట మీకు కావలసింది దొరికింది: తిక్క వేషాలు వేసేవాళ్లు ఉన్నారని, వాళ్లను తీసేసే తెలివి మీ అమ్మాయికి ఉందని. మిగతాది ఇంకో రోజు. తొందరపడి ఫోను అందుకున్నారంటే ఇంకోసారి మీ పక్కన తాలు ఏరడానికి కూడా రాదు.

3. ఇంట్లో ఒకే ఫోను ఉంటే

మన ఇళ్లలో చాలాచోట్ల సిమ్ము నాన్న పేరున, ఫోను నాన్న జేబులో. ఆ నంబరు మీదే మిర్చి యార్డులో తేజ రకం ఎంత పలికింది, 341 రకం ఎంత పలికింది అని చెప్పే ధరల గ్రూపు. అదే నంబరు మీద పొదుపు సంఘం గ్రూపు, అబ్బాయి క్లాసు గ్రూపు. ఇప్పుడు చెప్పండి, పిల్లాడు తన స్నేహితుడితో ఎక్కడ మాట్లాడుకోవాలి? వాడి స్నేహితుడు అర్ధరాత్రి పంపిన జోకు పొద్దున కమీషన్ కొట్లో మీ ఫోను తెరిస్తే మీ కంట పడుతుంది.

పిల్లలు మెసేజ్‌లకి కూడా ఇన్‌స్టాగ్రామ్‌నే పట్టుకోవడానికి ఇదో పెద్ద కారణమని నా నమ్మకం. వాట్సాప్ నంబరుకి కట్టుబడి ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరినొకరు వెతుక్కోవడానికి ఐడీ పేరు చాలు. ఏ ఫోనులోనైనా తెరవొచ్చు, పనయ్యాక లాగవుట్ అవ్వొచ్చు. ముఖ్యంగా ఆడపిల్లకి ఇందులో ఒక రక్షణ కూడా ఉంది. క్లాసులో అబ్బాయికి నాన్న నంబరు ఇవ్వకుండానే నోట్సు అడగొచ్చు. మనం దొంగచాటు అనుకునేదాంట్లో కొంత ఇలాంటి జాగ్రత్తే.

ఒకే ఫోనున్న ఇంట్లో చేయాల్సినవి చెబుతాను. ఫోనుకి వేళలు పంచుకోండి. యార్డు తెరిచాక ధరలు చూసుకునే పొద్దుటి వేళ మీది, రాత్రి భోజనాల ముందు ఓ గంట పిల్లలది అని. వాళ్ల వేళలో ఏదైనా మెసేజ్ తెర మీద కనపడితే చదవకండి. పొరపాటున చదివితే చదివానని చెప్పేయండి. దాచి, నాలుగు రోజుల తర్వాత తిట్టేటప్పుడు ఆ మాట బయటపెట్టడం అన్నిటికన్నా చెడ్డది. యూపీఐ పిన్ను మాత్రం పిల్లలకు చెప్పకండి, కాయలమ్మిన డబ్బు ఖాతాలో పడే నెలల్లో మరీను. ఇది నమ్మకం లేక చెప్పేది కాదు. ఆటలో ఏదో కొనాలని, ఇంట్లో కూర్చుని సంపాదించవచ్చని వచ్చే వలలు పెద్దవాళ్లనే ముంచుతున్నాయి.

4. పుట్టిన సంవత్సరం చూడండి

చిన్న పని, పది నిమిషాలు పట్టదు. చాలామంది పిల్లలు అకౌంటు తెరిచేటప్పుడు తొందరగా పని కావాలని దొంగ సంవత్సరం కొడతారు. దాంతో యాప్ దృష్టిలో వాళ్లకి పాతికేళ్లు. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో 18 లోపు వాళ్లకి ఇన్‌స్టాగ్రామ్‌లో ‘టీన్ అకౌంట్’ అమలవుతోంది. అకౌంటు తనంతట తనే ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివాళ్ల మెసేజ్‌లు రావు, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి. 16 లోపు వాళ్లు వీటిని సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. వయసు తప్పుగా ఉంటే ఈ రక్షణ ఏదీ రాదు. పిల్లల చేతే సరిచేయించండి. స్నాప్‌చాట్‌లో అయితే మ్యాప్ తెరిపించి ‘ఘోస్ట్ మోడ్’ పెట్టించండి. లొకేషన్ పంచుకోవడం ఆన్‌లో ఉంటే మీ అమ్మాయి ఎక్కడుందో స్నేహితుల జాబితాలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

13 నిండనివాళ్లకి? అకౌంటే వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

5. ‘స్ట్రీక్ పోతుంది నాన్నా’ అంటే నవ్వకండి

స్నాప్‌చాట్‌లో ఇద్దరు రోజూ తప్పకుండా ఒకరికొకరు స్నాప్ పంపుకుంటే పేరు పక్కన నిప్పు గుర్తు, ఎన్ని రోజులైందో అంకె వస్తాయి. ఒక్క రోజు తప్పినా అంకె పోతుంది. మీకు అది ఉత్త అంకె. మీ పిల్లకి అది ఒక స్నేహం ఎంత గట్టిదో చెప్పే లెక్క. హాస్టలుకి వెళ్లబోయే ముందు ఏడుపు మొహం పెట్టిందంటే కొంత దీనికోసమే.

గుంటూరు, విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫోను చేతికివ్వరు. అందుకని స్ట్రీక్ పోకుండా పిల్లలు ఇంకో స్నేహితురాలికి పాస్‌వర్డ్ ఇచ్చి వెళతారు. “రోజూ నా బదులు ఒక గోడ ఫొటో పంపు” అని. పాస్‌వర్డ్ ఇవ్వడమంటే లోపలున్న ప్రతి మాటా, ప్రతి ఫొటో చేతికివ్వడమే. స్నేహం చెడినరోజున అదే ఆయుధమవుతుంది. హాస్టలుకి బయల్దేరే ముందు రోజు ఇది తప్పకుండా మాట్లాడండి. పాస్‌వర్డ్ మార్చి వెళ్లమనండి. స్ట్రీక్ ఆగిపోతే ఆ స్నేహితురాలికి ఆదివారం మీ ఫోను నుంచి ఒక కాల్ మాట్లాడిస్తానని చెప్పి, నిజంగానే మాట్లాడించండి.

సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్లలు మొదటి రెండు రోజులు ఫోను వదలరు. నెలల తరబడి పోగుపడిన మాటలు వాళ్లకి. ఆ రెండు రోజులూ వదిలేయండి. మూడో రోజు నుంచి రాత్రి ఫోను పడకగదిలో ఉండకూడదన్న నియమం పెట్టండి. అదే నియమం మీకూ పెట్టుకోండి. లేకపోతే నిలవదు.

6. మీరు పెట్టేవి కూడా చూసుకోండి

ఇది చెప్పడం కొంచెం కష్టం, వినడం ఇంకా కష్టం. పిల్లలు పెద్దవాళ్లున్న చోటు నుంచి పారిపోవడానికి పెద్దవాళ్లే కారణమయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి.

అమ్మాయికి ఓణీల వేడుక చేశారు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టించారు. అంతవరకూ మన ప్రాంతపు ఆనవాయితీ. తర్వాత ఆ ఫొటోలన్నీ ఫేస్‌బుక్‌లో, బంధువుల గ్రూపుల్లో, స్టేటస్‌లో. పదమూడేళ్ల పిల్లని ఒక్క మాట అడిగారా? క్లాసులో అబ్బాయిలు ఆ ఫొటో చూసి ఏమన్నారో ఆ పిల్ల మీకెప్పటికీ చెప్పదు. ఆ ఫొటోలోంచి మొహం కత్తిరించి ఇంకో దానికి అతికించడానికి ఇవాళ కంప్యూటరు కూడా అక్కర్లేదు. మనకి ముచ్చట, ఆ పిల్లకి మోయలేని భారం. ఫొటో పెట్టే ముందు పిల్లని అడగండి. వద్దంటే ఆల్బమ్‌లోనే ఉంచుకోండి.

ఇలాంటివే మరికొన్ని. మార్కుల జాబితా స్టేటస్‌లో పెట్టడం. పిల్లాడి రీల్ కింద “గాడ్ బ్లెస్ యూ చిట్టి కన్నా” అని పెదనాన్న దగ్గర్నుంచి అందరూ కామెంట్లు పెట్టడం. అమ్మాయి పేరుతో దొంగ ఐడీ తెరిచి సొంత కొడుకుని పరీక్షించడం. ఈ చివరిది మాత్రం ఎప్పుడూ చేయకండి. పిల్లలకు అది తెలిసిన రోజున మీరు ఎన్ని మంచి మాటలు చెప్పినా వినరు. కోపంలో ఫోను నేలకేసి కొట్టేవాళ్లూ ఉన్నారు. కూలి కోసం పత్తి తీసిన చేతులతో పదివేల ఫోను పగలగొడితే పిల్లలు మారరు, స్నేహితుడి ఫోనులో చూసుకుంటారు.

“అయితే అసలు నిషేధిస్తే పోదా?” అని అడిగేవాళ్లు ఉంటారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చూసే బాధ్యత కంపెనీల మీద పెట్టింది. మన దేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 లోపు పిల్లల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టాలు వాటి పని అవి చేస్తాయి. మీ ఇంట్లో పదహారేళ్ల పిల్లాడికి ఈ రాత్రి ఎవరు మెసేజ్ పెడుతున్నారో చూసుకోవాల్సింది మీరే, అదీ వాడితో మాట్లాడి.

7. ఆపద రాకముందే మాట ఇవ్వండి

ఈ అధ్యాయంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి.

2023లో అసర్ సంస్థ దేశంలోని కొన్ని గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను అడిగినప్పుడు, స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చిన అబ్బాయిల్లో సుమారు 44 శాతం మందికి సొంత ఫోనుంది, అమ్మాయిల్లో 20 శాతం మందికే ఉంది. ఆడపిల్లకి ఫోను కష్టపడి దొరుకుతుంది. అందుకే ఆపద వచ్చినప్పుడు చెప్పడానికి ఆమె భయపడుతుంది. ఆ పిల్ల మనసులో లెక్క ఇలా నడుస్తుంది: వాడు నా ఫొటో మార్చి బెదిరిస్తున్నాడని నాన్నకి చెబితే మొదట ఫోను పోతుంది. తర్వాత కాలేజీ. తర్వాత సంబంధాలు చూస్తారు. బెదిరించేవాడికి ఈ లెక్క బాగా తెలుసు. వాడి బలమంతా అదే.

ఆ బలాన్ని మీరు ముందే తీసేయగలరు. ఇవాళే, ఏ గొడవా లేని రోజున, అమ్మాయినీ అబ్బాయినీ కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి: “ఫోనులో ఎవరేం చేసినా, నువ్వు పొరపాటున ఏం పంపినా, నాకు చెబితే ఫోను లాక్కోను, చదువు మానిపించను, కొట్టను. ముందు దాన్లోంచి బయటపడదాం.” తల్లీ తండ్రీ ఇద్దరూ చెప్పాలి. ఒకరు చెప్పి ఇంకొకరు మొహం చిట్లిస్తే పిల్లలు చిట్లించిన మొహాన్నే నమ్ముతారు.

అబ్బాయిలకీ ఇది వర్తిస్తుంది. ముక్కూ మొహం తెలియని అమ్మాయి వీడియో కాల్ చేసి, రికార్డు చేసి డబ్బు గుంజే ముఠాలకు కుర్రాళ్లు చిక్కుతున్నారు. అబ్బాయిలకు ఇంకో మాట కూడా గట్టిగా చెప్పండి. 18 లోపు పిల్లల అశ్లీల ఫొటో వచ్చినప్పుడు దాన్ని గ్రూపులో తిప్పడం ఐటీ చట్టం 67బి కింద నేరం. తీసింది ఎవరైనా, పంపిన ప్రతివాడూ బాధ్యుడే.

నిజంగా అలాంటిది జరిగితే చేయాల్సినవి వరసగా చెబుతాను. బెదిరించినవాడికి రూపాయి కూడా పంపకండి, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. భయపడి ఏదీ చెరిపేయకండి. అకౌంటు పేరు, మెసేజ్‌లు, నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. అసభ్యమైన ఫొటోని మాత్రం సాక్ష్యం పేరుతో బంధువులకు, పెద్దమనుషులకు పంపకండి. అది ఇంకో నేరమవుతుంది, పిల్లకి ఇంకో గాయమవుతుంది. 1930కి ఫోను చేయండి లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోయి ఉంటే ఎంత త్వరగా 1930కి చెబితే అంత మంచిది. 18 లోపు పిల్లలకి చైల్డ్‌లైన్ 1098 ఉంది. మనసు కుంగిపోయి మాట్లాడకుండా కూర్చుంటే టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు. 18 లోపు వాళ్ల అసభ్య ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల నుంచి తీయించడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. దానికి ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు, మీ ఫోనులోనే దాని డిజిటల్ గుర్తు తయారవుతుంది.

ఊళ్లో పంచాయితీ పెట్టి బెదిరించినవాడి ఇంటిమీదకి పదిమందితో వెళ్లాలని మీకు ఆవేశం వస్తుంది. ఆగండి. మీరు అరిచిన ప్రతి మాటా మీ అమ్మాయి పేరుతోనే ఊరంతా తిరుగుతుంది. వాడు ఈలోగా సాక్ష్యాలు చెరిపేస్తాడు. స్టేషనుకి అమ్మో, నమ్మకమైన టీచరో తోడు వెళ్లనివ్వండి.

ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు అమ్మాయిని ఎప్పటిలాగే కాలేజీకి పంపండి. మొదటి నాలుగు రోజులు బస్టాండు దాకా మీరే దింపండి, దారిలో ఆ సంగతి ఎత్తకండి. పోలీసులకు ఫోను ఇవ్వాల్సి వస్తే, తిరిగొచ్చాక దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టకుండా ఆమె చేతికే ఇవ్వండి.